జారిన పూసకు మెడలో సూది: ఆ కాగితం మీద ఏం రాయాలి?

సంపాదకులకు,

‘మెడనొప్పికి ఆపరేషన్ అక్కర్లేదు, ఒక్క సూది చాలు’ అనే ప్రకటనలు మన ఊళ్లలోనూ కనిపిస్తున్నాయి. ఆ సూది సర్వైకల్ ఎపిడ్యూరల్ స్టెరాయిడ్ ఇంజెక్షన్, అంటే మెడలో వెన్నుపాము పొర వెలుపలి ఖాళీలోకి ఎక్కించే స్టెరాయిడ్ మందు. నరం ఒత్తుకుపోయి మెడ నుంచి చేతిలోకి లాగే నొప్పికి అది కొన్ని వారాలో నెలలో ఊరటనిస్తుంది. సూది వద్దని మేం అనడం లేదు. పూస జారినవాళ్లకు దాన్ని ఎక్కడ వేశారో, ఏ మందు వేశారో, ఏం చూసి వేశారో రోగి చేతిలోని కాగితం చెప్పాలన్నదే మా మాట.

మనవాళ్లు ‘డిస్క్ జారింది’, ‘పూస జారింది’ అనే మాటలను ఒకే అర్థంలో వాడేస్తారు. డిస్క్ పూసల మధ్య ఉండే మెత్త. పూస జారడమంటే ఎముకే కింది ఎముక మీద ముందుకో వెనక్కో జరగడం. రిపోర్టులో దీన్ని లిస్థెసిస్ అంటారు. మెడ పూసలను పైనుంచి సీ1 నుంచి సీ7 దాకా లెక్కిస్తారు, దాని కింద ఛాతీ మొదటి పూస టీ1. అరుగుదల వల్ల మెడలో ఇది ఎక్కువగా సీ3-సీ4, సీ4-సీ5 దగ్గర వస్తుంది. జారినచోట వెన్నుపాము గొట్టం ఇరుకవుతుంది. ముందు నుంచి వెనక్కి కొలిస్తే మామూలుగా సుమారు 17 మిల్లీమీటర్లు ఉండే వెడల్పు 10 లోపుకి వస్తే తీవ్రంగా ఇరుకైనట్టే.

సూది మొన ఆగాల్సిన ఖాళీ వెన్నుపాము పొరకు వెనక ఉంటుంది. సీ7-టీ1 దగ్గర అది మహా అయితే 4 మిల్లీమీటర్లు, ఇంకా పైన 1 నుంచి 3. పూసల వెనక భాగాలను కలిపే పట్టీ అయిన పసుపు లిగమెంటును దాటగానే సిరంజి మీద బొటనవేలికి పట్టు వదిలినట్టు తెలియాలి. నడుములో ఈ గుర్తును చాలావరకు నమ్మవచ్చు. మెడలో ఆ లిగమెంటు చాలామందికి నడిమధ్యన అతుక్కోకుండా చీలిక వదిలి ఉంటుంది. అప్పుడు పట్టు వదిలినట్టు తెలియకుండానే మొన లోపలికి దిగిపోతుంది, ఇంకాస్త దిగితే తగిలేది వెన్నుపామే. అందుకే చేతి అంచనా చాలదు. సూది వేస్తుండగానే చూపించే సీ-ఆర్మ్ ఎక్స్‌రేలో పక్కనుంచో ఏటవాలుగానో మొన లోతు చూసి, ఎక్స్‌రేలో కనబడే ద్రవం (కాంట్రాస్టు) వేసి, అది సరైన చోట పరుచుకున్నాకే మందు ఎక్కించాలి.

2014 ఏప్రిల్‌లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ సూదుల వల్ల అరుదుగానైనా చూపు పోవడం, పక్షవాతం, మరణం సంభవించవచ్చని హెచ్చరించింది. మరుసటి ఏడాది అక్కడి వైద్య సంఘాల నిపుణులు నియమాలు పెట్టారు. పూసల వెనక నుంచి వేసే సూది సీ7-టీ1 దగ్గరే మేలు, సీ6-సీ7 కన్నా పైకి పోకూడదు. వేసేచోట ఖాళీ ఉందని పాత స్కాన్‌లో చూడకుండా ఏ మట్టంలోనూ, అంటే ఏ రెండు పూసల మధ్యా, వేయకూడదు. పూస సీ4 దగ్గర జారినా సూది కిందే పడాలి, మందు పైకి పాకుతుంది. జారినచోటే గుచ్చడం చాలా ప్రమాదం. ఎమ్మారై నిలువు చిత్రాల్లో టీ1 రకం (ఇది పూస పేరు కాదు, చిత్రం తీసే పద్ధతి పేరు) తీసి చూడండి: వెన్నుపాము వెనక తెల్లటి కొవ్వు గీత ఉన్నచోట ఖాళీ ఉన్నట్టు. పూస జారి ఇరుకైనచోట ఆ గీత మాయమవుతుంది.

ఇంకో చిక్కు. ఎమ్మారై పడుకోబెట్టి తీస్తారు, అప్పుడు జారిన పూస కొంత సర్దుకోవచ్చు. నిలబెట్టి, మెడ వంచి ఒకటి, వెనక్కి వాల్చి ఒకటి ఎక్స్‌రే తీస్తే అసలు కదలిక తెలుస్తుంది. 3.5 మిల్లీమీటర్లు మించి కదిలితే ఆ పూస నిలకడగా లేదనే అనుమానించాలి. ముందు వెన్నెముక సర్జన్‌కు చూపించాలి. బొత్తాలు పెట్టుకోవడం కష్టమైనా, నడక తూలుతున్నా వెన్నుపామే నలుగుతోందేమో చూడాలి. స్టెరాయిడ్ ఆ ఒత్తిడిని తీయలేదు.

మందు పేరూ ముఖ్యమే. ట్రయామ్సినలోన్, మిథైల్ ప్రెడ్నిసొలోన్ అసిటేట్ రేణువులున్న స్టెరాయిడ్ మందులు. నరం బయటికొచ్చే రంధ్రం పక్కనుంచి వేసేటప్పుడు అవి ధమనిలోకి పోతే మెదడుకో వెన్నుపాముకో రక్తం ఆగిపోతుంది. మెడలో ఆ దారిన వేస్తే రేణువులు లేని డెక్సామెథసోనే వాడాలి. ట్రయామ్సినలోన్ అమెరికా లేబుల్ మీదైతే ‘ఎపిడ్యూరల్‌కు కాదు’ అని అచ్చు వేసే ఉంటుంది.

‘నిద్రపుచ్చి వేస్తాం, నొప్పి తెలియదు’ అంటే అది సౌకర్యమనుకోకండి. సూది వెన్నుపామును తాకితే చేతిలోకి కరెంటు కొట్టినట్టుంటుంది, ఆ సంగతి చెప్పాల్సింది రోగే. అమెరికాలో 2005-2008 నాటి నష్టపరిహార కేసుల్ని పరిశీలిస్తే, మెడ చికిత్సల్లో వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లలో 67 శాతం మందికి మత్తు ఇచ్చారు. దెబ్బతిననివాళ్లలో 19 శాతం మందికే.

గుండెకు స్టెంటు వేయించుకుని, రక్తం గడ్డకట్టకుండా క్లోపిడోగ్రెల్ మింగేవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి. సాధారణంగా 7 రోజుల ముందు ఆపుతారు, అదీ గుండె డాక్టరు ఒప్పుకుంటేనే. షుగరున్నవాళ్లకు కొన్ని రోజులు చక్కెర పెరుగుతుంది. ఇంటికెళ్లాక మెడలో కొత్తగా తీవ్రమైన నొప్పి, కాళ్లూ చేతులూ పట్టు తప్పడం, మూత్రం బిగియడం కనిపిస్తే తెల్లారేదాకా ఆగొద్దు. లోపల రక్తం గడ్డకట్టి వెన్నుపామును నొక్కుతుండవచ్చు, గంటల్లో ఆపరేషన్ చేయాల్సి రావచ్చు.

రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలను కోరేది ఇదీ. ఈ సూది వేసే ప్రతి ఆసుపత్రీ డిశ్చార్జి కాగితంలో సూది వేసిన మట్టం, మందు పేరు, మోతాదు, ఏ తేదీ స్కాన్ చూశారు, మత్తు ఎంత ఇచ్చారు అన్నవి రాసి, కాంట్రాస్టు పరుచుకున్న ఎక్స్‌రే చిత్రం జతచేయాలి. సమ్మతి పత్రం తెలుగులో ఉండాలి. రోగికి తగినంత సమాచారం ఇచ్చి తీసుకుంటేనే సమ్మతి చెల్లుతుందని సుప్రీంకోర్టు 2008లో సమీరా కోహ్లీ కేసులో చెప్పింది. చదవలేని ఇంగ్లీషు కాగితం కింద వేలిముద్ర వేయిస్తే అది ఎలా చెల్లుతుంది?

ఇట్లు,
ఇద్దరు మత్తు వైద్యులు, గుంటూరు