శవాలే సాక్షులు, గుంటలకు కాపలా పెట్టాలి

సంపాదకుడికి,

2024 డిసెంబరులో అసద్ ప్రభుత్వం కూలిన దగ్గర్నుంచి సిరియాలో బయటపడుతున్న సామూహిక ఖననాల గురించి పత్రికల్లో చదువుతున్నాం. శీర్షికలన్నీ 'ఎంతమంది' అన్నదాని చుట్టూనే. ఆ గుంటలను ఎవరు తవ్వాలి, ఎలా తవ్వాలి అన్నది మాత్రం లోపలి పేజీల్లో కూడా కనబడదు. రేపు కోర్టులో కేసు నిలబడేదీ వీగిపోయేదీ దాన్నిబట్టే.

బోస్నియా యుద్ధం సంగతే చూడండి. 1995 జులైలో స్రెబ్రెనికాలో బోస్నియా సెర్బు సైన్యం 8 వేల మందికి పైగా ముస్లిం పురుషులను, మగపిల్లలను చంపింది. పోరులో పోయిన సైనికులని నిందితుల తరఫు వాదన. ఫోరెన్సిక్ బృందాలు తవ్వితే శవాల మీద, పక్కన కనీసం 448 కళ్లగంతలు, చేతులు బిగించిన తాళ్లూ తీగలూ 423 దొరికాయి. కళ్లకు గంతలు కట్టుకుని ఎవడైనా యుద్ధం చేస్తాడా? కొన్ని శవాల చేతికి ఆటోమేటిక్ వాచీలున్నాయి. చెయ్యి కదలడం మానేశాక ఒకటిన్నర, రెండు రోజుల్లో అవి ఆగిపోతాయి. వాటిలో నిలిచిపోయిన వారం, తేదీ పట్టుకుని చావు ఎప్పుడు జరిగిందో వెనక్కి లెక్కగట్టారు.

హంతకులకూ భయం లేకపోలేదు. రెండు మూడు నెలల్లోనే ప్రొక్లైనర్లతో గుంటలు తవ్వి, శవాలను లారీల్లో తరలించి వేరేచోట్ల పూడ్చారు. దాంతో ఒకే మనిషి ఎముకలు రెండు మూడు గుంటల్లో దొరికాయి. మట్టిని, పుప్పొడిని, ఖాళీ తూటా గొట్టాలను పోల్చి ఏ గుంట సరుకు ఎక్కడికి చేరిందో తేల్చారు. బంధువుల రక్తంతో డీఎన్ఏ సరిచూసి దాదాపు 7 వేల మందిని గుర్తుపట్టారు. ఆ సైన్యాన్ని నడిపిన జనరల్ మ్లాదిచ్‌కు 2017లో జీవితఖైదు పడింది, 2021లో అప్పీలూ వీగిపోయింది.

మనిషి ఎలా చనిపోయాడో డాక్టరు చెప్పగలడు గానీ ఎవరు ఆజ్ఞ ఇచ్చారో చెప్పలేడు. అందుకు చాటుగా విని నమోదు చేసిన సైనిక సంభాషణలు, బతికి బయటపడ్డవాళ్ల వాంగ్మూలాలు కావాల్సి వచ్చాయి.

సిరియాలో కొడుకు కోసం తల్లి పార పట్టుకుని తవ్వితే ఎవరం తప్పుపడతాం? కానీ అలా చోటు మారిన ఎముక కోర్టుకు పనికి రాకుండా పోవచ్చు. ముందు కావాల్సింది ఆ స్థలాలకు కాపలా, శవపరీక్ష నిపుణులు, డీఎన్ఏ పరీక్షలకు డబ్బు. ఐరాస శాంతిసేనల్లోకి జవాన్లను పంపే మన దేశం ఫోరెన్సిక్ డాక్టర్లనూ పంపుతామని ముందుకు రావచ్చు. ఈ విషయంపై ఫోరెన్సిక్ వైద్యులెవరి చేతనైనా మీ పత్రికలో ఒక వ్యాసం రాయించండి.

- ఒక పాఠకురాలు, హనుమకొండ