అద్దం మారితే కెమెరా చూపు కూడా సరిచేయాలి: రవాణా శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ రవాణా శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు.

ఇప్పుడొస్తున్న చాలా కార్లలో ముందు అద్దం లోపలివైపు, మధ్య మిర్రర్ వెనక ఒక చిన్న కెమెరా ఉంటోంది. బండి గీత దాటబోతే స్టీరింగును సర్దేది, ముందు వాహనం ఆగిపోతే బ్రేకు వేసేది, ఎదురుగా లైట్లు కనబడితే హైబీమ్ దించేది దాని చూపును నమ్ముకునే. అద్దం పగిలి కొత్తది వేసినప్పుడు ఆ చూపును మళ్లీ కుదర్చాలి. పనివాళ్ల మాటలో అది క్యాలిబ్రేషన్. గోదావరి డెల్టాలో చాలా షెడ్లలో అద్దం అతికించి, కెమెరాను క్లిప్పులోకి నొక్కి, ప్లగ్గు పెట్టి తాళాలు ఇచ్చేస్తున్నారు. బిల్లులో క్యాలిబ్రేషన్ ఊసే ఉండదు. అద్దం బిల్లుకు క్యాలిబ్రేషన్ రిపోర్టు జతచేయడం తప్పనిసరి చేయాలని, ఆ పని సరిగా జరిగే చోటు డెల్టాలోనే ఏర్పడేలా చూడాలని కోరడానికే ఈ లేఖ.

తేడా ఉంటే డ్యాష్‌బోర్డులో లైటు వెలుగుతుంది కదా అంటారు. కెమెరానే కొత్తది వేస్తే చాలా బళ్లలో వెలుగుతుంది. పాత కెమెరాను విప్పి కొత్త అద్దానికి తగిలించినప్పుడు మాత్రం ఏ లైటూ రాకపోవడమే ఎక్కువ. ప్లగ్గు ఉంది, బొమ్మ వస్తోంది, కంప్యూటరుకు అంతవరకే తెలుసు. ఆ బొమ్మ అర డిగ్రీ కిందికి వాలిందో పక్కకు జరిగిందో దానికి వెంటనే తెలియదు. నడుస్తూ తనంతట తాను కొంత సర్దుకునే కెమెరాలున్నాయి గానీ, ఆ సర్దుబాటుకు హద్దుంది. పైగా దానికీ గీతలున్న రోడ్డు కావాలి.

లెక్క చూడండి. కెమెరా ఒక్క డిగ్రీ పక్కకు తిరిగితే 50 మీటర్ల దూరంలో చూపు 87 సెంటీమీటర్లు తప్పుతుంది. 100 మీటర్ల దగ్గర 1.75 మీటర్లు. హైవే మీద ఒక లేను వెడల్పు 3.5 మీటర్లు, అంటే సరిగ్గా సగం. పక్క లేనులో పోతున్న ట్రాక్టరు తన ముందే ఉందనుకుని కారు బ్రేకు కొట్టవచ్చు, ముందున్నదాన్ని పక్కదనుకుని ఊరుకోనూవచ్చు. పైకీ కిందికీ వచ్చే తేడా ఇంకా మొండిది. నేలకు 1.3 మీటర్ల ఎత్తున ఉన్న కెమెరాకు, 50 మీటర్ల దూరంలో బండి చక్రం రోడ్డును తాకే చోటు కంటిమట్టానికి ఒకటిన్నర డిగ్రీల దిగువన కనబడుతుంది. ఒక్క ఆ కోణంతోనే దూరం కడితే, అందులో అర డిగ్రీ తగ్గినప్పుడు అదే బండి 75 మీటర్ల దూరంలో ఉన్నట్టు తేలుతుంది. అర డిగ్రీ పెరిగితే 37 మీటర్లు. ముందు బండి బొమ్మ పెద్దదయ్యే వేగాన్నీ, రాడార్ ఉంటే దాని కొలతనూ కారు కంప్యూటరు కలుపుకుంటుంది కాబట్టి నడిచేటప్పుడు తప్పు ఇంత పచ్చిగా బయటపడకపోవచ్చు. కానీ హోండా సిటీ, ఎలివేట్ లాంటి కార్లలో రాడార్ లేదు. అక్కడ కెమెరాయే ఆధారం. కుదర్చకుండా వదిలేసినంత కాలం ఆ సౌకర్యాలను ఆపేసి నడపడం మేలు. అయితే అత్యవసర బ్రేకును ఆపినా, చాలా బళ్లలో తాళం తిప్పగానే అది మళ్లీ ఆన్ అయిపోతుందని యజమానులకు ఎవరూ చెప్పడం లేదు.

క్యాలిబ్రేషన్ కన్నా ముందు అద్దం పని సరిగా ఉండాలి. టిప్పరు నుంచి జారిన కంకర, చెట్టు మీంచి పడ్డ కొబ్బరికాయ మన దగ్గర అద్దాలకు మామూలు శత్రువులు. (కోనసీమలో కొబ్బరిచెట్టు కింద బండి పెట్టొద్దంటే వినేవారెవరు, నీడంతా అక్కడే ఉంటే.) కంకర దెబ్బ చిన్నదై, కెమెరా చూసే భాగానికి దూరంగా ఉంటే రెజిన్ నింపి ఆపేయవచ్చు. అద్దం మార్చే పనీ, కెమెరా పనీ రెండూ తప్పుతాయి. కెమెరా చూపు మేరలో ఉంటే మాత్రం నింపడం కుదరదు, మార్చాల్సిందే. మార్చేటప్పుడు ఒకే మోడల్ కారులో అడాస్ (పైన చెప్పిన బ్రేకు, స్టీరింగు సాయాలు) ఉన్న వేరియంటు అద్దం వేరు, లేనిది వేరు. పైకి రెండూ ఒకలాగే ఉంటాయి. కెమెరా కూర్చునే బ్రాకెట్టు, దాని ముందు పారదర్శకంగా వదిలిన కిటికీ, కొన్నిటిలో మంచు పట్టకుండా వేసే హీటర్ తీగలు, రెయిన్ సెన్సార్ చోటు చూసి, ఛాసిస్ నంబరుతో పార్టు నంబరు సరిపోల్చుకోవాలి. అద్దం మూల ఐఎస్‌ఐ ముద్ర, ఐఎస్ 2553 ఉన్నాయా చూడటం మంచిదే గానీ, ఆ ముద్ర అద్దం భద్రత గురించి చెబుతుంది తప్ప బ్రాకెట్టు సరైన చోట ఉందని చెప్పదు. బ్రాకెట్టు లేని అద్దం చవగ్గా దొరికిందని పాత బ్రాకెట్టును ఊడదీసి గమ్ముతో కొత్తదానికి అంటించడం అన్నిటికన్నా చెడ్డ పని. ఆ తేడాను తర్వాత ఏ స్కానరూ (బండి కంప్యూటరుకు తగిలించి క్యాలిబ్రేషన్ చేసే పరికరం) పూర్తిగా సరిదిద్దలేదు.

అద్దాన్ని పట్టి ఉంచేది పాలీయురేథేన్ గమ్ము. బాత్రూములకు వాడే సిలికాన్ దానికి బదులు కాదు. పాత గమ్మును మొత్తం గీకేయకుండా ఒకటి రెండు మిల్లీమీటర్ల పొర ఉంచి, దానిమీద కొత్తది వేయాలి. రేకు కనబడిన చోటల్లా ప్రైమరు పడాలి. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలికి అద్దం అంచు కింద తుప్పు పడుతుంది. దాన్ని గీకి, ప్రైమరు ఆరకముందే అద్దం దించితే కొన్నాళ్లకే నీళ్లు కారతాయి. గమ్ము చుట్టూ ఒకే ఎత్తున త్రికోణంగా పడాలి. ఒక మూల ఎత్తూ ఒక మూల పల్లమూ అయితే అద్దం వాలు మారుతుంది, దానితో పాటే కెమెరా వాలూ. ఈ గమ్ము గాలిలోని తేమతో గట్టిపడుతుంది. మన వానాకాలంలో పైపొర త్వరగా కట్టేస్తుంది కాబట్టి గమ్ము వేశాక తాత్సారం చేయకుండా అద్దం కూర్చోబెట్టాలి. పైపొర కట్టినంత మాత్రాన లోపల గట్టిపడినట్టు కాదు. ట్యూబు మీద కంపెనీ రాసిన గంటలు ఆగాకే బండి కదపాలి, క్యాలిబ్రేషన్ కూడా ఆ తర్వాతే. అద్దం ఇంకా కుదురుకుంటుండగా కెమెరా సరిచేస్తే ఆ పని మళ్లీ చేయాలి.

ఇక క్యాలిబ్రేషన్ రెండు రకాలు. కొన్ని కార్లకు షెడ్డులో టార్గెట్ బోర్డు (కెమెరా చూసి సర్దుకునే గుర్తులున్న పలక) ముందు, కొన్నిటికి రోడ్డు మీద నడుపుతూ, కొన్నిటికి రెండూ. ఏది కావాలన్నది ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్ చెబుతుంది, మెకానిక్ ఇష్టం కాదు.

డెల్టాలో ఎక్కువ తప్పులు జరిగేది షెడ్డు పనిలోనే. బోర్డు దూరం కంపెనీని బట్టి ఒకటిన్నర మీటరు నుంచి నాలుగైదు మీటర్ల దాకా ఉంటుంది. బండి ముందు, పక్కల ఖాళీ కలుపుకుంటే మామూలు షెడ్డులో అంత చోటు ఉండదు. ఉన్నా నేల మట్టంగా ఉండదు. ఇక్కడ షెడ్లు చాలావరకు పూడ్చిన చేలలోనో చెరువుల్లోనో కట్టినవి. కింద బంకమట్టి వానకు ఉబ్బి ఎండకు కుంగుతుంది, మీది కాంక్రీటు దానితో పాటే దిగుతుంది. బండి చక్రాలున్న మట్టం కన్నా మూడు మీటర్ల ముందు బోర్డు నిలబెట్టిన చోటు రెండు సెంటీమీటర్లు పల్లమైతే కోణంలో తేడా డిగ్రీలో మూడో వంతు దాటుతుంది. కెమెరా ఆ తప్పునే సరైనదని నేర్చుకుని, స్క్రీను మీద పని పూర్తయిందని పచ్చరంగు చూపిస్తుంది. పచ్చరంగు వచ్చిందంటే స్కానరుకు బోర్డు కనబడిందని అర్థం, అంతే. అందుకే లేజర్ లెవెల్‌తో నేలను ఒక్కసారి కొలిచి ఊరుకోకుండా, వానలు వెళ్లాక ఏటా మళ్లీ కొలవాలి.

బండిని సిద్ధం చేయడం ఇంకో సగం పని. నాలుగు టైర్లలో గాలి డ్రైవరు డోరు దగ్గర స్టిక్కరులో రాసినంత ఉండాలి. డిక్కీలో బియ్యం బస్తా ఉంటే దించాలి, లేకపోతే బండి వెనక్కి వాలి కెమెరా పైకి చూస్తుంది. పెట్రోలు ఎంత ఉండాలో మాన్యువల్ చూడాలి. వీల్ అలైన్‌మెంటు తప్పి ఉంటే ముందు అది సరిచేసి, స్టీరింగ్ సెన్సారును సున్నాకు తేవాలి. బోర్డు నడిమిని బానెట్ మీది గుర్తుతో కాకుండా, చక్రాల మధ్య బిందువుల నుంచి తూకపు గుండు వేలాడదీసి కట్టిన మధ్యరేఖతో కలపాలి. ఇంజను ఆపి ఇగ్నిషన్ ఆన్‌లో ఉంచే పని కాబట్టి బ్యాటరీకి సపోర్టు ఛార్జరు తగిలించాలి. వోల్టేజీ పడిపోతే పని మధ్యలో ఆగిపోతుంది, కరెంటు పోయే ఊళ్లలో ఇది తరచూ జరిగేదే. తలుపులోంచి ఎండ బోర్డు మీద పడ్డా, బయటి కొమ్మల నీడ దానిమీద ఊగినా, వెనక గోడకు నలుపు తెలుపు గళ్ల టైల్సు ఉన్నా కెమెరా తికమకపడుతుంది. పని మొదలుపెట్టే ముందూ, అయ్యాకా స్కాన్ చేసి రెండు రిపోర్టులూ ఛాసిస్ నంబరు, కిలోమీటర్ల రీడింగు, తేదీతో ముద్రించాలి. మేం కోరే కాగితం ఇదే. దీనికి కొత్త యంత్రమేమీ అక్కర్లేదు, క్యాలిబ్రేషన్ చేసే స్కానరే ఈ రిపోర్టు ఇస్తుంది.

రోడ్డు మీద చేసే రకానికి రెండు పక్కలా చెరగని గీతలు, వాన లేని వెలుతురు, కంపెనీ చెప్పిన వేగంలో ఆగకుండా సాగే దారి కావాలి. నడిపేవాడు ఒకడు, స్కానరు చూసేవాడు ఇంకొకడు ఉండాలి. మన కాలువ గట్టు రోడ్లలో గీతలే లేవు. సార్వా, దాళ్వా కోతల తర్వాత గీతలున్న రోడ్లలోనూ సగం మేర ధాన్యం ఆరబోతకు పోతుంది. పుష్యమాసం పొద్దుటి మంచు సంగతి చెప్పనక్కర్లేదు. ఇంతవరకు దిక్కు 16వ నంబరు జాతీయ రహదారే, రావులపాలెం నుంచి తాడేపల్లిగూడెం వైపు. రాజోలులో, నర్సాపురంలో అద్దం మార్చిన కారు అక్కడిదాకా వెళ్లాలి. అమలాపురం, నర్సాపురం మీదుగా పోయే 216వ రహదారిలో ఒక ముక్కను ఎంచి, రోడ్డు గీతల ప్రమాణమైన ఐఆర్‌సీ 35 ప్రకారం మధ్య గీత, అంచు గీతలు వేయించి, చెరిగినప్పుడల్లా మళ్లీ దిద్దేలా జాతీయ రహదారుల అధికారులకు మీరు రాయాలి. ఆ గీతలు రాత్రిపూట కాలువ పక్కన నడిపేవారందరికీ పనికొస్తాయి.

మీ శాఖ చేతిలో ఉన్నది ఇంకా ఉంది. ప్రైవేటు షెడ్డుకు మీ లైసెన్సు లేదు, సర్క్యులర్ ఎవరికి ఇవ్వాలన్న ప్రశ్న వస్తుందని తెలుసు. కానీ డీలర్లకు ట్రేడ్ సర్టిఫికెట్ ఇచ్చేది మీరే. వాళ్ల సర్వీసు సెంటర్ల నుంచి మొదలుపెట్టవచ్చు. ప్రమాదం జరిగిన బండిని తనిఖీ చేసే ఎంవీఐ (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్) ఫారంలో బ్రేకులు, స్టీరింగు, టైర్ల పక్కన ఇంకో గడి చేర్చండి: అడాస్ ఉందా, ముందు అద్దం ఎప్పుడైనా మార్చారా, క్యాలిబ్రేషన్ రిపోర్టు ఉందా. ఆ గడి ఉందని తెలిస్తే షెడ్లు వాటంతటవే దారిలోకి వస్తాయి. బీమా విషయం కేంద్రానిదే అయినా రాష్ట్రం తరఫున బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐకి ఒక లేఖ వెళ్లాలి. మోటారు పాలసీలో గాజు భాగాలకు తరుగుదల కోత లేదు, కాబట్టి అద్దం డబ్బు వస్తోంది. పేచీ అంతా క్యాలిబ్రేషన్ లేబర్ దగ్గరే. సర్వేయర్లు దాన్ని అద్దం పనిలో విడదీయరాని భాగంగా ఒప్పుకోవాలి.

ఇది కార్ల యజమానుల గొడవ అనుకోకండి. బస్సులు, లారీలకు ఆటోమేటిక్ అత్యవసర బ్రేకు, లేను హెచ్చరిక తప్పనిసరి చేసేందుకు కేంద్రం 2025లో ముసాయిదా తెచ్చింది. అలాంటి బస్సులు అమలాపురం, రాజోలు, నర్సాపురం ఆర్టీసీ డిపోలకు వస్తే, రాయి తగిలి పగిలిన అద్దాలు మార్చేది డిపో గ్యారేజీలోనే. అక్కడ మట్టమైన కాంక్రీటు బే (బండి నిలిపి ఈ పని చేసే చోటు) ఒక్కటి ఇప్పుడే వేసి, ఐటీఐ మోటారు మెకానిక్ కోర్సు పిల్లలకు అదే చోట ఈ పని నేర్పిస్తే రెండు పనులూ తీరతాయి. బయటి కార్లకు రుసుము తీసుకుని వాడుకోనివ్వవచ్చు.

ఇంకొకటి, డబ్బు ఖర్చు లేనిది. ఫాస్టాగ్ అంటించేవాళ్లకు, రిజిస్ట్రేషన్ కౌంటర్లలో ఒక సూచన ఇప్పించండి: మిర్రర్ వెనక కెమెరా ఉన్న కారుకు ట్యాగును దాని చూపుకు అడ్డం రాకుండా అంటించాలి. దేవుడి స్టిక్కరుకూ, అద్దం పైభాగంలో అంటించే రంగు పట్టీకీ ఇదే మాట. అయినవిల్లిలో వాహన పూజ చేయించుకున్నాక అద్దం మీది పసుపు కుంకుమలను కెమెరా ముందు నుంచి తడిగుడ్డతో తుడిస్తే చాలు.

బే వేయడానికి చోటు ఎంచేటప్పుడు మీ ఇంజినీరును పంపితే, లేజర్ లెవెల్, టేపు పట్టుకుని మేం వస్తాం. తొలకరికి ముందైతే నేల కొలత సరిగా తెలియదు. వానలు వెళ్లాక, దీపావళి తర్వాత పంపండి.

ఇట్లు,
గోదావరి డెల్టాలో కారు అద్దాలు బిగించేవాళ్లం, స్కానర్ పని చేసేవాళ్లం