హ్యాంక్ ఆరన్ గురించి కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

అమెరికా ఆట బేస్‌బాల్ అనగానే అందరూ పాతతరం ఆటగాడు బేబ్ రూత్ పేరే చెబుతారు. అదే ఆటలో గొప్ప బ్యాటర్ హ్యాంక్ ఆరన్ గురించి కూడా మన పిల్లలకు తెలియాలి. 1934లో అమెరికాలోని అలబామా రాష్ట్రం మొబీల్‌లో పేద నల్లజాతి కుటుంబంలో పుట్టాడు. కుర్రతనంలో బ్యాటు మీద చేతులు తారుమారుగా పెట్టి కొట్టేవాడట. ఏ సీజన్‌లోనూ 50 హోమ్ రన్లు (మన క్రికెట్ సిక్సర్ లాంటివి) కొట్టలేదు. అయినా 23 సీజన్లలో 755 కొట్టాడు. వాటిని తీసేసినా ఇంకా 3,016 హిట్లు (బంతిని కొట్టి ఔట్ కాకుండా బేస్ చేరడం) మిగులుతాయి!

రూత్ 714 హోమ్ రన్ల రికార్డుకు దగ్గరవుతుంటే చంపేస్తామంటూ అతనికి కుప్పలుగా ఉత్తరాలు వచ్చాయి. నల్లవాడు కావడమే అతని తప్పు. అంత టెన్షన్‌లోనూ ఆట ఆపలేదు. 1974 ఏప్రిల్ 8 రాత్రి అట్లాంటాలో అల్ డౌనింగ్ వేసిన బంతిని గోడ దాటించాడు. అది 715వది. బేస్‌లన్నీ చుట్టి వచ్చేసరికి తల్లి ఎస్టెల్లా కొడుకును గట్టిగా వాటేసుకుంది. ఆ వీడియో ఎన్నిసార్లు చూసినా నాకు కళ్లు చెమరుస్తాయి.

2007లో మరో ఆటగాడు బారీ బాండ్స్ 755 దాటాడు. 2,297 ఆర్‌బీఐల (తన బ్యాటింగ్‌తో జట్టుకు తెచ్చిన పరుగుల) రికార్డు మాత్రం ఇప్పటికీ ఆరన్‌దే. దయచేసి ఒక ఆదివారం ఆటల పేజీలో అతనికి చోటివ్వండి.

- ఒక పాఠకుడు, ఖమ్మం