విజయవాడ–విశాఖ సైకిల్ యాత్ర: జమా ఖర్చుల వివరణ

దాతలందరికీ నమస్కారం. ఆటిజం ఉన్న పిల్లల కోసం విరాళాలు సేకరిస్తూ చేసిన సైకిల్ యాత్ర లెక్క ఇది. మార్చి 30 తెల్లవారుజామున బెంజి సర్కిల్ దగ్గర బయల్దేరిన మా 11 మంది ఏప్రిల్ 2న, ప్రపంచ ఆటిజం అవగాహన దినం నాడు, విశాఖ ఆర్కే బీచ్ చేరారు. సుమారు 350 కిలోమీటర్లు. తాడేపల్లిగూడెం, రాజమండ్రి, తునిలో తెలిసినవాళ్ల ఇళ్లలోనే పడుకున్నారు కాబట్టి బసకు పైసా ఖర్చు కాలేదు. లెక్క చెప్పడం ఆలస్యమైంది, మన్నించాలి.

జమ రూ.2,86,450. ఫోన్‌పేలోనూ రసీదు పుస్తకాల మీదా 2,31,200, వ్యాపారులు ఇచ్చింది 40,000, దారిలో డబ్బాల్లో పడింది 15,250.

యాత్ర ఖర్చు రూ.24,700. వ్యాను డీజిల్ 9,800, ట్యూబులు, పంక్చర్లు 3,150, మజ్జిగ, అరటిపళ్లు, భోజనాలు 6,400, ఫ్లెక్సీలు, రసీదు పుస్తకాలు 3,350. మిగతా 2,000 డప్పుల అడ్వాన్సు. దీని గురించి చెప్పాలి. బయల్దేరేటప్పుడు సందడిగా ఉండాలని డప్పులవాళ్లను పిలిచాం. మొదటి దరువుకే, జెండా ఊపడానికి వచ్చిన ఒక బాబు చెవులు రెండూ గట్టిగా మూసుకుని వ్యాను వెనక్కి పరిగెత్తి నక్కాడు. ఆటిజం ఉన్న చాలామంది పిల్లలు పెద్ద చప్పుళ్లు తట్టుకోలేరని కరపత్రంలో అచ్చేసింది మేమే! వెంటనే ఆపించాం. డప్పులవాళ్ల తప్పు కాదు కాబట్టి డబ్బు వెనక్కి అడగలేదు. దండగ ఖర్చే, పద్దులో అలాగే రాశాం.

ఆ రోజు చూసిందే చప్పుడు తగ్గించే హెడ్‌ఫోన్లు కొనడానికి కారణం. 12 జతలు, ఒక్కోటి 1,900 చొప్పున 22,800. థెరపీ గదికి ఉయ్యాల, చాపలు, ఇతర సామాను 31,500. ఫీజు కట్టలేక మధ్యలో మానేసిన నలుగురు పిల్లల స్పీచ్ (మాటలు నేర్పే), ఆక్యుపేషనల్ (రోజువారీ పనులు నేర్పే) థెరపీకి ఒక్కొక్కరికి నెలకు 8,000 చొప్పున ఆరు నెలలకు 1,92,000 నేరుగా సెంటర్‌కే కట్టాం.

ఆటిజం పిల్లలున్న మొత్తం 19 కుటుంబాలకూ సమానంగా పంచొచ్చుగా అని కొందరన్నారు. పంచితే ఇంటికి పద్నాలుగు వేలు కూడా రావు, రెండు నెలల ఫీజుకైనా చాలవు. మొదలుపెట్టి ఆపేస్తే పిల్లవాడికి వచ్చిన నాలుగు మాటలూ వెనక్కి పోతాయని తల్లులే చెప్పారు. అందుకే నలుగురికే ఇచ్చాం.

నిల్వ రూ.15,450 బ్యాంకులో ఉంది. సదరం (వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్ కోసం తిరిగే కుటుంబాల దారి ఖర్చులకు, ఏడాదికి లక్ష రూపాయల దాకా వైద్య ఖర్చు ఇచ్చే నిరామయ బీమా రుసుముకు వాడతాం.

తునిలో పోయించిన 1,700 డీజిల్ బిల్లు పోయింది. ఆ సొమ్ము కోశాధికారి జేబులోంచి వేసుకున్నారు, పై లెక్కలో కలపలేదు.