నువ్వు కొట్టిన కట్టెలు

ఒరేయ్ దీపస్తంభం,

నీ ఉత్తరం వచ్చి ఆరు వారాలు దాటింది. క్షమించు. రెండుసార్లు జవాబు మొదలుపెట్టి రెండుసార్లూ సగంలో ఆపేశాను. ఇక్కడ అందరం కులాసా. అమ్మకు మోకాలి నొప్పి తగ్గింది, పాపకు పరీక్షలైపోయాయి, నా ఉద్యోగం ఎప్పటిలాగే ఉంది. మిగతా కబుర్లు తరవాత, ముందు పొయ్యి సంగతి చెప్పనీ.

ముందటేడు వేసవిలో నువ్వు వచ్చి నాలుగు రోజులు గొడ్డలి దించకుండా కట్టెలు కొట్టావు కదా! పెరట్లో షెడ్డు పక్కన వంకర గోడలాగా పేర్చావు. సందులు మరీ ఎక్కువ, కూలిపోతుందని నేను గొణిగితే, "గాలి దూరాలి కదరా" అన్నావు. ఆ ఒక్క మాట కోసమే ఈ ఉత్తరం.

ఈ చలికాలం మొదట్లో ఒక బండెడు కట్టెలు తెప్పించాం. ఎండినవేనన్నారు, పైకి అలాగే కనిపించాయి. పొయ్యిలో పెడితే ఒకటే బుస! మొద్దుల కొనల్లో నురుగు పొంగేది. అరగంటకే గాజు తలుపంతా మసి. గాలి కన్నం బార్లా తెరిచినా గది వెచ్చబడేది కాదు. చివరికి తేమ కొలిచే పరికరం తెచ్చాను. కట్టె పైన గుచ్చితే 18 శాతం చూపించింది. అదే కట్టెను నిలువునా చీల్చి లోపల గుచ్చితే 33! 20 లోపు ఉంటేనే పొయ్యికి పనికొచ్చేది. ఇన్నాళ్లూ సెగలో ఎంత భాగం కట్టెలోని నీటిని ఆవిరి చేయడానికే పోయిందో చూడు. పొగగొట్టం లోపల తారులాంటి మసి పేరుకుంది. అది అంటుకుంటే ఇంటికే ముప్పు కాబట్టి వెంటనే శుభ్రం చేయించాం.

మొన్న శనివారం సాయంత్రం గాలి ఈడ్చి కొడుతోంది. ఉన్నట్టుండి నీ గోడ గుర్తొచ్చింది. టార్చి పట్టుకుని పరుగెత్తాను. రెండు కట్టెలు తీసి ఒకదానితో ఒకటి కొడితే ఖంగుమన్నాయిరా! కొత్తవి కొడితే మూగగా దబ్బుమంటాయి. వీటి కొనల్లో నడిమి నుంచి అంచుల దాకా పగుళ్లు విచ్చుకున్నాయి, బెరడు చేత్తో లాగితే ఊడి వస్తోంది. ఒకటి చీల్చి కొలిచాను. 15! ఆ చలిలో అక్కడే నిలబడి నీకు ఫోను చేద్దామనుకున్నాను. కానీ ముందు వెలిగించి చూడాలనిపించింది.

నువ్వు నేర్పిన తలకిందుల పద్ధతే. లావు మొద్దులు అడుగున, సన్నవి వాటిమీద, చితుకులు అన్నిటికన్నా పైన. అగ్గిపుల్ల పైనే గీశాను. చిటపటలాడుతూ మంట మెల్లగా కిందికి దిగింది. అరగంటకు గాలి కన్నం సగం మూశాను. అప్పుడు చూడాలి! కట్టెల మీద మంట దాదాపు లేదు. వాటికి జానెడు ఎత్తున, పొయ్యి పైభాగంలో, మంటలు గాలిలో తేలుతున్నాయి. నిదానంగా, పట్టుగుడ్డ ఊగినట్టు, అంచుల్లో నీలం. పై కన్నాల్లోంచి వేడిగాలి వచ్చి కలవగానే కట్టె వదిలిన పొగే అక్కడ అంటుకుంటోంది. కట్టెలోని వేడిలో సగానికి పైగా ఆ పొగలోనే ఉంటుంది కదా, ఇన్నాళ్లూ అదంతా ఆకాశానికి పోయింది. బయటికి వెళ్లి చూశాను. గొట్టం మీద పొగ జాడే లేదు. వేడికి దాని వెనకాల నక్షత్రాలు మాత్రం వణుకుతున్నాయి.

దీపాలన్నీ ఆర్పేశాం. అమ్మ మేజోళ్లు విప్పేసి పాదాలు చాపుకుంది. ఆవిడ అంత నింపాదిగా కూర్చోవడం చూసి ఎన్నాళ్లయిందో. పాప నేల మీద బోర్లా పడుకుని మంటను చూస్తూ చూస్తూ అలాగే నిద్రపోయింది. ఎవరమూ ఫోను ముట్టలేదు. నేను మాత్రం నువ్వు ఆ ఎండలో చొక్కా విప్పేసి... నువ్వు ఒక్కడివే అక్కడ ఈ చలిలో ఎలా... సరే, అది ఇప్పుడు వద్దులే.

బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1742లో ఇనుప పొయ్యి ఒకటి రూపొందించి, పేటెంట్ ఇస్తామన్నా వద్దన్నాడు. నువ్వూ అదే బాపతు. ఆ నాలుగు రోజుల శ్రమకు థాంక్స్ అన్నా కోపం తెచ్చుకున్నావు. ఇప్పుడు తెచ్చుకున్నా సరే, మళ్లీ చెబుతున్నాను. ఆ మంట నీ చేతి పనేరా!

అన్నట్టు, గోడ అడుగున మేష్టారు దొరికారు, అదే, మనం ఆ పేరుతో పిలిచే మొద్దు! అదే ముడులు, నడినెత్తిన నీ గొడ్డలి గాట్లు మూడూ అలాగే ఉన్నాయి. "మళ్లీ లెక్క తప్పావు" అన్నట్టే చూశారు. ఆయన్ని పొయ్యిలో పెట్టే ప్రసక్తే లేదు, కడిగి పొయ్యి పక్కన కూర్చోబెట్టాను. నువ్వు ఎప్పుడు వస్తావో రాయి. నీ కట్టెలు ఇంకా మూడు వారాలకు సరిపోతాయి. పొదుపుగా, శనివారాలు మాత్రమే వాడితే వసంతం దాకా...

పాప పిలుస్తోంది, నిప్పులు నివురు గప్పుతున్నాయట. ఇప్పుడు మొద్దు వేయకపోతే మళ్లీ రాజేయాలి. మిగతాది రేపు.

నీ
కట్టెల లెక్కగాడు