వారానికోసారి ఎన్‌బీఏ టీంల పట్టిక వేయండి

సంపాదకులు గారికి,

నిడమనూరు మండలంలోని మా ఊళ్లో పాల కేంద్రం నడుపుతాను. పొద్దున్నే ఫ్యాట్ మిషన్‌కు ఫోన్ ఆనించి పెట్టుకుని, పాలు పోయించుకుంటూ అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ చూస్తాను. అక్కడ రాత్రి ఆట మనకు తెల్లవారుజామున వస్తుంది, అది నా డ్యూటీ టైమే.

2025 జూన్ 23న ఫైనల్స్ ఏడో మ్యాచ్. ముందు నాలుగు గెలిచినోళ్లదే టైటిల్. ఓక్లహోమా సిటీ థండర్, ఇండియానా పేసర్స్ చెరి మూడు గెలిచి ఉన్నాయి. పేసర్స్ కుర్రాడు హాలిబర్టన్ మొదటి క్వార్టర్‌లోనే దూరం నుంచి వేసే మూడు పాయింట్ల బుట్టలు మూడు కొట్టాడు. ఆ వెంటనే, బాల్‌తో ముందుకు దూకబోయి కూలబడ్డాడు. అరచేత్తో నేలను బాదుతున్నాడు. అప్పుడే వరసకు చిన్నాయన అయ్యే ఆయన పాల క్యాన్‌తో వచ్చి నిలబడ్డాడు. "ఎవ్వడూ తగల్నే లేదు కదరా, ఎట్ల పడ్డడు?" అన్నాడు. మడమ వెనక నరం తెగిందని తర్వాత తెలిసింది. కొలత ఆపి ఇద్దరం ఫోన్ మీదికి వంగి చూశాం. వెనక లైన్‌లో ఉన్నవాళ్లు తిట్టారు, అది వేరే సంగతి. చివరికి థండర్ 103-91తో గెలిచింది.

మరునాడు మీ పేపర్ ఆటల పేజీ నిండా లీడ్స్ క్రికెట్ టెస్టే. పంత్ రెండు ఇన్నింగ్స్‌లోనూ సెంచరీ కొట్టాడు, వేయాల్సిందే, నాకేం పేచీ లేదు. కానీ థండర్ గెలుపు అడుగున మూడు లైన్లలో అయిపోయింది. హాలిబర్టన్ పేరే లేదు. చిన్నాయన పేపర్ తిరగేసి మరీ వెతికాడు.

మామూలు రోజుల్లో పెద్ద స్టార్ లెబ్రాన్ జేమ్స్ పేరు ఉంటే తప్ప మీరు ఎన్‌బీఏ ముట్టుకోరు. 2025-26 ఆయనకు 23వ సీజన్, రాయండి. అయితే 2019 నుంచి 2025 దాకా ఏడేళ్లలో ఏడు వేర్వేరు టీంలు టైటిల్ కొట్టాయి. 2024-25 సీజన్‌లో 82 లీగ్ మ్యాచుల్లో 68 గెలిచిన థండర్‌ను, 50 మాత్రమే గెలిచిన పేసర్స్ ఫైనల్స్‌లో ఏడో మ్యాచ్ దాకా లాక్కొచ్చింది. ఈ ముచ్చట ఒక్కడి పేరు పట్టుకుని కూర్చుంటే ఎట్లా తెలుస్తుంది?

దీపావళి అయిన రెండో రోజు, 2025 అక్టోబర్ 22 పొద్దున కొత్త సీజన్ మొదలైంది. సోమవారం సోమవారం టీంల పట్టిక వేయండి చాలు. ఈస్ట్, వెస్ట్ అని రెండు గుంపులు, చెరి 15 టీంలు. గెలిచినవి, ఓడినవి, రెండే గడులు. ఐపీఎల్ నెట్ రన్‌రేట్‌లా బుర్ర బద్దలు కొట్టుకునే లెక్కేం కాదు.

హాలిబర్టన్ 2025-26 సీజన్ మొత్తం ఆడడని నిన్న చిన్నాయనకు చెప్పాను. పాల క్యాన్ కింద పెట్టి, "మరి వాడు లేకుంటే ఆ టీమోళ్లు ఎన్ని గెలుస్తరో... పేపర్ల వస్తదా?" అని అడిగాడు.

- ఒక పాఠకుడు, నిడమనూరు మండలం, నల్గొండ జిల్లా