దసరా సెలవుల తర్వాత మన స్వీడిష్ బడిలో మారేవి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

జూన్‌లో 19 మంది పిల్లలతో ఈ ఏడాది మొదలుపెట్టిన మన శనివారం స్వీడిష్ బడిలో ఇప్పుడు 11 మందే ఉన్నారు. నలుగురు కుటుంబాలతో మళ్ళీ స్టాక్‌హోమ్ వెళ్ళిపోయారు. మిగతా నలుగురు మానేసింది మాత్రం నా పొరపాటు వల్లే. ఆ మాట మీకు నా నోటి నుంచే తెలియాలని రాస్తున్నాను.

కొండాపూర్‌లో రెండు గదుల అద్దె బరువై, ఆరేళ్ళ వాళ్ళనీ పదకొండేళ్ళ వాళ్ళనీ ఒకే గదిలో కూర్చోబెట్టాను. వయసు తేడా ఒక్కటే అయితే ఎలాగో నెట్టుకొచ్చేదాన్ని. కానీ కొందరు పిల్లలు స్వీడన్‌లోని కిస్తాలోనో లుండ్‌లోనో పుట్టి, అక్కడి ప్రీస్కూల్లో స్వీడిష్‌తోనే మాటలు నేర్చినవాళ్ళు. ఇంకొందరు అమ్మానాన్నల ఉద్యోగం మీద వచ్చే ఏడాది వెళ్ళబోతూ, ఇప్పుడిప్పుడే అక్షరాలు మొదలుపెట్టినవాళ్ళు. కొత్తవాళ్ళ కోసం నేను ఒక్కో మాటా విడమరచి చెబుతుంటే, అక్కడ పుట్టినవాళ్ళకి విసుగొచ్చి, వాళ్ళలో వాళ్ళు ఇంగ్లిష్‌లో మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. "ఇక్కడ చేరాకే మా వాడు ఇంట్లో స్వీడిష్ మానేశాడండీ" అని ఒక తల్లి అంటే నాకు రెండు రాత్రులు నిద్ర పట్టలేదు.

ఈ బడి పెట్టిందే అలా కాకూడదని. మేం స్వీడన్ నుంచి తిరిగొచ్చిన ఏడాదిన్నరకు, మా అమ్మాయి వాళ్ళ పాత టీచర్ వీడియో కాల్‌లో స్వీడిష్‌లో పలకరిస్తే ఇంగ్లిష్‌లో బదులిచ్చింది. అక్కడున్నప్పుడేమో అదే పిల్ల తెలుగు కూడా బడిలోనే చదువుకుంది. ఊరి మొత్తం మీద ఐదుగురు పిల్లలు కోరి, టీచర్ దొరికితే, అక్కడి మునిసిపాలిటీ అమ్మభాష చెప్పించాలి. ఇక్కడ స్వీడిష్‌కి ఆ ఆసరా లేదు. విదేశాల్లోని స్వీడిష్ బోధనకు అక్కడి ప్రభుత్వం గ్రాంటు ఇస్తుంది కానీ, అందుకు తల్లిదండ్రుల్లో ఒకరైనా స్వీడన్ పౌరులై ఉండాలి. మనలో చాలామందిమి ఇండియా పాస్‌పోర్టుతోనే తిరిగొచ్చాం. కాబట్టి ఈ బడి నడిచేది పూర్తిగా మీ ఫీజులతోనే.

ఇంకో తప్పు కూడా ఒప్పుకోవాలి. "మళ్ళీ వెళ్తే నేరుగా తోటి పిల్లల తరగతిలోనే కూర్చుంటారు" అని చేరేటప్పుడు కొందరికి చెప్పాను. అలా చెప్పకూడదు. బయటి దేశం నుంచి వచ్చి చేరిన పిల్లలకి ఏం వచ్చో, ఏం రాదో అక్కడి బడివాళ్ళే పరీక్షించి, రెండు నెలల్లోగా తరగతి నిర్ణయిస్తారు. ఆ నిర్ణయం నా చేతిలో లేదు. భాష చల్లారకుండా చూడటమే నేను చేయగలిగింది.

దసరా తర్వాత రెండు బ్యాచ్‌లు ఉంటాయి, ఒక్కోదానిలో ఎనిమిది మందికి మించరు. ఇంట్లో స్వీడిష్ వినేవాళ్ళు ఒకటి, కొత్తవాళ్ళు ఒకటి. స్వీడిష్‌లో లెక్కలు చెప్పడం ఆపేస్తున్నాను. వారానికి ఒక్క గంటలో అటు లెక్కలూ రాలేదు, ఇటు భాషా రాలేదు. ఆ గంట ఇక మాట్లాడటానికి, వాక్యం కట్టడానికి. "ఈరోజు నేను వెళ్తాను" అనాలంటే స్వీడిష్‌లో 'ఈరోజు' తర్వాత వెంటనే క్రియ రావాలి. క్రియను చివర పెట్టే మన పిల్లలకి అది అలవాటు కావడానికి నెలలు పడుతుంది. ఉచ్చారణ దగ్గర మాత్రం మన తెలుగే తోడొస్తుంది. స్టాక్‌హోమ్ వైపు 'బార్న్' అని రాసి ఉన్నదాన్ని దాదాపు 'బాణ్' అని పలుకుతారు, అంటే పిల్ల. ఇంగ్లిష్ మాత్రమే వచ్చినవాళ్ళు తడబడే ఆ 'ణ' మన పిల్లల నోట ఎంత చక్కగా పలుకుతుందో వింటే నాకు కడుపు నిండిపోతుంది.

రెండో గది తీసుకుంటున్నందువల్ల నెల ఫీజు 4,500 నుంచి 5,200 అవుతుంది. భారమనిపిస్తే నాతో విడిగా మాట్లాడండి. మానేయాలనుకుంటే డిసెంబర్ దాకా కట్టిన డబ్బులో మిగిలింది వారంలో వెనక్కి ఇస్తాను, కారణం అడగను. మానేసిన నలుగురికీ రెండు నెలల ఫీజు ఇప్పటికే పంపేశాను.

అక్టోబర్ చివరి ఆదివారం స్వీడన్‌లో గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. ఆ తర్వాతి శనివారం నుంచి, అక్కడి ఉప్సాలా నుంచి చెప్పే టీచర్ గారి ఆన్‌లైన్ క్లాసు నాలుగున్నరకు బదులు ఐదున్నరకు. డిసెంబర్ 13న వచ్చే స్వీడిష్ దీపాల పండగ లూసియా పాటల రిహార్సల్స్ నవంబర్‌లో మొదలుపెడదాం. తెల్ల గౌన్లు పోయినేడాదివి ఉన్నాయి, పొట్టివైతే నాకు చెప్పండి, కొత్తవి కుట్టిస్తాను.